మొదటి కీమో తేదీ ఖాయం కాకముందే

నాకు 29 ఏళ్లప్పుడు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. గుంటూరులో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లి కాలేదు. మొదట చూసిన డాక్టరు గారు గడ్డ గురించి, ఖర్చు గురించి, జుట్టు ఊడడం గురించి చెప్పారు. పిల్లల సంగతి ఎత్తలేదు. నాకు అడగాలనే తోచలేదు. బయట బల్ల మీద పక్కన కూర్చున్న ఒకావిడ "అండాలు దాచుకున్నావా అమ్మా?" అనకపోతే చికిత్సకు ముందే అండాలను తీసి గడ్డకట్టించి దాచే పద్ధతి ఉందనే తెలిసేది కాదు.

అందుకే చెబుతున్నాను, మీరే నోరు తెరిచి అడగండి. ఈ కీమో మందులు నా అండాశయాలను ఎంత దెబ్బతీస్తాయి? చికిత్స ఎన్ని రోజులు ఆగగలదు? సంతాన సాఫల్య నిపుణుల దగ్గరకు ఈ వారమే పంపుతారా? కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆ గదిలో అన్నీ మరచిపోతాం. ముప్పు మందును బట్టి, వయసును బట్టి మారుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులతో ఎక్కువ. ఏఎంహెచ్ రక్తపరీక్ష, స్కానింగ్ చేస్తే అండాల నిల్వ ఏపాటిదో అంచనా దొరుకుతుంది.

అండాలు తీసి దాచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నెలసరి కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఏ రోజైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చు. నా క్యాన్సర్ హార్మోన్లకు స్పందించే రకం కాబట్టి ఈ ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పెరుగుతుందేమోనని వణికిపోయాను. దాన్ని అదుపులో ఉంచడానికి లెట్రోజోల్ మాత్రలు కూడా ఇచ్చారు. మీదీ ఆ రకమే అయితే ఈ మాత్ర సంగతి తప్పకుండా అడగండి.

ఇంజెక్షన్ పెన్నులను అమ్మ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టేది. రాత్రి ఎనిమిదింటికి నేను కళ్లు మూసుకుంటే, పొట్ట మీద సూది గుచ్చి, పది అంకెలు పైకి లెక్కపెట్టి తీసేది. పదకొండు రోజులూ అంతే. చివరి ఇంజెక్షన్ తర్వాత దాదాపు 36 గంటలకు మత్తు ఇచ్చి 11 అండాలు తీశారు. వాటిలో 8 దాచడానికి పనికొచ్చాయి. అవి బిడ్డ పుడుతుందన్న హామీ కావు, ఒక అవకాశం మాత్రమే.

పెద్దమ్మ "పెళ్లి కాని పిల్లకు ఇవన్నీ ఎందుకే" అంది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం 21 ఏళ్లు దాటిన పెళ్లికాని స్త్రీ కూడా ఈ సేవలు పొందవచ్చు. యోని ద్వారా చేసే స్కానింగ్ అంటే నాకూ జంకు కలిగింది. ముందే చెబితే పొట్ట మీద నుంచి చేశారు. అండాలు తీయడం మాత్రం సాధారణంగా ఆ దారినే. పెళ్లైనవాళ్లు పిండాలను కూడా దాచుకోవచ్చు, కానీ వాటిని వాడాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి. అండాలు మీ ఒక్కరివే.

ఆగే వ్యవధి లేనివారికి, రజస్వల కాని పిల్లలకు అండాశయ కణజాలాన్ని తీసి దాచే పద్ధతి ఉంది. రక్త క్యాన్సరైతే ఆ కణజాలంలో క్యాన్సర్ కణాలు ఉండవచ్చు కాబట్టి దానిపై విడిగా మాట్లాడాలి. పొత్తికడుపుకు రేడియేషన్ ఉంటే అండాశయాలను పక్కకు జరపవచ్చు. కీమోకు ముందు మొదలుపెట్టే గోసెరెలిన్ ఇంజెక్షన్ అండాశయాలను కొంత కాపాడుతుంది, కానీ అండాలు దాచడానికి అది బదులు కాదు. ఇంజెక్షన్లకెంత, అండాలు తీయడానికెంత, ఏటా నిల్వకెంత అని విడివిడిగా రాయించుకోండి. డబ్బు సరిపోకో, మనసు ఒప్పకో వద్దనుకుంటే అది మీ తప్పు కాదు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి.

సమ్మతి పత్రాన్ని ఒకరోజు ముందే ఇంటికి తెచ్చుకోండి. "మీరు మరణిస్తే అండాలను ఏం చేయాలి?" అని అందులో ఒక వరుస ఉంటుంది. ఆ గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అమ్మ కిటికీ వైపు తిరిగింది. అలాంటి గడిని ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి నింపకూడదు.

కీమో సమయంలో నెలసరి ఆగినా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ప్రస్తుతం టామోక్సిఫెన్ అనే హార్మోన్ మందు వాడుతున్నాను, ఇది వాడుతూ గర్భం దాల్చకూడదు. 2023లో వెలువడిన 'పాజిటివ్' అనే అధ్యయనంలో, 18 నుంచి 30 నెలలు హార్మోన్ మందులు వాడి, బిడ్డ కోసం రెండేళ్ల వరకు ఆపినవారిలో తొలి ఏళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. ఆ ఫలితం చదివిన రోజు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

ఏటా రుసుము కట్టాల్సిన తేదీని బీరువా తలుపు లోపల రాసి అంటించాను, నిల్వ కేంద్రంలో నా నంబరుతో పాటు చెల్లి నంబరూ ఇచ్చాను.