మాటల లెక్క నుంచి సమీకరణం – 3వ పాఠం: ‘య’ అంటే ఏమిటో ముందు రాయండి

పోయిన పాఠంలో 3య + 7 = 25 లాంటి సమీకరణాలు సాధించాం. అవి చకచకా చేసే ఎనిమిదో తరగతి పిల్లలే మాటల్లో లెక్క ఇస్తే పెన్ను పట్టుకుని కూర్చుండిపోతారు. వాళ్లకు రానిది సాధన కాదు, సమీకరణం తయారు చేసుకోవడం. ఈ పాఠమంతా దాని గురించే.

బడి పుస్తకంలో ఎక్స్ ఉండేచోట మనం ‘య’ రాస్తున్నాం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశికి ‘యా’, రెండోది ఉంటే ‘కా’ అని రాశాడు. అక్షరం ఏదైనా ఒకటే. అది దేన్ని సూచిస్తోందన్నదే ముఖ్యం.

మొదటి లెక్క: ఒకాయన నూటికి 2 రూపాయల బారువడ్డీకి అప్పు తెచ్చి, 15 నెలల తర్వాత వడ్డీతో కలిపి 26,000 రూపాయలు కట్టేశాడు. తెచ్చిన అసలెంత?

నూటికి 2 అంటే నెలకు. ఏడాదికి అనుకుంటే లెక్క మొదట్లోనే పోతుంది. 15 నెలలకు నూటికి 30 రూపాయలు. ఇక్కడ చాలామంది 26,000లో 30 శాతం, అంటే 7,800 తీసేసి 18,200 అని రాసేస్తారు. 18,200కు 30 శాతం వడ్డీ 5,460. కలిపితే 23,660 మాత్రమే. తేడా ఎందుకొచ్చింది? వడ్డీ పడేది అసలు మీద, వీళ్లు తీసింది మొత్తం మీద.

అందుకే మొదటి వరుసలో ‘య = తెచ్చిన అసలు, రూపాయల్లో’ అని పూర్తిగా రాయాలి. ‘య = డబ్బు’ అంటే చాలదు, ఈ లెక్కలో డబ్బు మూడు రకాలుగా ఉంది: అసలు, వడ్డీ, మొత్తం. ఆ వరుస రాశాక వడ్డీ దేని మీదో వెతుక్కోనక్కర్లేదు:

య + 0.30య = 26,000
1.30య = 26,000
య = 20,000

సరిచూడండి: వడ్డీ 6,000, మొత్తం 26,000.

రెండో లెక్క: లారీలో 42 బస్తాల ధాన్యం ఉంది. కొన్ని 75 కిలోలవి, మిగతావి 40 కిలోలవి. మొత్తం బరువు 2,240 కిలోలు. 75 కిలోలవి ఎన్ని?

సమీకరణం రాసేముందు నోటిలెక్క చేద్దాం. అన్నీ 40 కిలోలవే అయితే 1,680 కిలోలు. 560 కిలోలు ఎక్కువున్నాయి. ఒక చిన్న బస్తా దించి పెద్దది ఎక్కిస్తే బరువు 35 కిలోలు పెరుగుతుంది. 560లో 35లు 16. అంటే పెద్ద బస్తాలు 16.

ఇప్పుడు ఇదే రాతలో. య = 75 కిలోల బస్తాల సంఖ్య (బరువు కాదు, సంఖ్య). చిన్న బస్తాలు 42 – య.

75య + 40(42 – య) = 2,240
75య + 1,680 – 40య = 2,240
35య = 560
య = 16

నోటిలెక్కలో కనిపించిన 1,680, 560, 35 మూడూ ఇక్కడా ఉన్నాయి. బీజగణితం కొత్తగా ఏమీ చేయలేదు, తలలో జరిగిన పనిని కాగితం మీద పెట్టింది. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన రాసి చూపించండి. విడివిడిగా చెబితే నోటిలెక్క వచ్చినవాడికి ‘సమీకరణం దేనికి?’ అనిపిస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. బస్తాలు రెండు రకాలున్నంతవరకు దాని అవసరం పెద్దగా లేదు.

ఎక్కువమంది తప్పేది బ్రాకెట్ దగ్గర. 40 × 42 – య అని రాస్తే 40 ఒక్క 42కే తగులుతుంది. అప్పుడు 74య = 560 అయి, య సుమారు 7.57 వస్తుంది. ఏడున్నర బస్తాలు ఉండవు కదా! భిన్నం వచ్చిందని కంగారుపడి భాగహారం మళ్లీ చేస్తుంటారు, తప్పేమో మూడు వరుసల పైన ఉంటుంది. వెనక్కి వెళ్లి ముందు బ్రాకెట్ చూడమనండి.

అభ్యాసం:

1. నూటికి రూపాయిన్నర బారువడ్డీకి 20 నెలలు వాడుకుని మొత్తం 39,000 కట్టారు. అసలెంత? (30,000)

2. వంద, ఐదొందల నోట్లు కలిపి 30 ఉన్నాయి. విలువ 7,800. ఐదొందలవి ఎన్ని? (12)

3. 75 కిలోలవి, 40 కిలోలవి కలిపి 50 బస్తాలు. బరువు 2,500 కిలోలు. పెద్ద బస్తాలు ఎన్ని? దీనికి జవాబు ఇవ్వడం లేదు. మీకు వచ్చిన సంఖ్య చూసి, తప్పు మీ సమీకరణంలో ఉందో, ఇచ్చిన లెక్కలోనే ఉందో కారణంతో రాయండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.