చెక్కు బ్యాంకులో వేసే ముందు

పాత బండి అమ్మినా, వడ్లు తూకం వేసి పంపినా, చేతికి చెక్కు వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. బ్యాంకుకు బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• చెక్కు మీద వేసిన తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. ముందు తేదీ వేసి ఉంటే ఆ రోజు దాకా ఆగాల్సిందే.

• అంకెల్లో 45,000, అక్షరాల్లో నలభై వేలు అని ఉంటే వెనక్కి వస్తుంది. పేరు గానీ మొత్తం గానీ దిద్ది, పక్కన సంతకం పెట్టినా క్లియరింగ్‌లో (బ్యాంకుల మధ్య చెక్కుల చెల్లింపులో) ఒప్పుకోరు. మొహమాటపడకుండా కొత్త చెక్కు అడగండి.

• మీ పేరు పాసుపుస్తకంలో ఉన్నట్టే ఉందా? మనవాళ్లకు ఇంటిపేరు దగ్గరే చిక్కు.

• ఎడమ మూలన రెండు గీతలుంటే కౌంటర్‌లో నగదు ఇవ్వరు, ఖాతాలోనే వేయాలి.

• 50,000, ఆపైన అయితే, ఇచ్చినవాళ్లు పాజిటివ్ పేలో, అంటే చెక్కు వివరాలు ముందే తమ బ్యాంకుకు తెలిపే పద్ధతిలో, వివరాలు నమోదు చేశారో లేదో కనుక్కోండి.

• అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చినవాళ్ల ఖాతాలో డబ్బు. వాళ్ల బ్యాలెన్స్ ఎంతో బ్యాంకు మీకు చెప్పదు. అందుకే వేసే రోజు పొద్దున్నే ఫోన్ చేయండి: "అన్నా, ఇవాళ చెక్కు వేస్తున్నా, డబ్బుందిగా?" జవాబు నానుస్తుంటే తొందరపడకండి, గడువులోపు మరో రోజు ఖాయం చేసుకోండి.

• చెక్కుకు రెండువైపులా ఫోటో తీసుకోండి. డబ్బు చాలక తిరిగొస్తే, ఎందుకు తిరిగొచ్చిందో రాసి బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో భద్రం. ఆ కబురు బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోపు చెక్కు ఇచ్చినవాళ్లకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి.

• బండి తాళాలు, ఆర్‌సీ మాత్రం డబ్బు జమయ్యాకే ఇవ్వండి.