కయాక్‌ని కారు మీద కట్టడం ఎలా? రాచెట్ జోలికి మాత్రం వెళ్లకండి

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) ఎక్కించిన కారు రోడ్డు మీద కనబడితే నా చూపు ముందు పట్టీల మీదికే పోతుంది. సగం కార్లను చూస్తే గుండె గుభేలుమంటుంది. ఒకాయన దుప్పటి పరిచి సన్నతాడు నాలుగు చుట్లు చుట్టి కొసలు కిటికీల్లోంచి లాగి ముడేస్తాడు, ఇంకొకాయన లారీ సరుకు బిగించే రాచెట్‌తో (పిడి ఆడించి పట్టీని పళ్లచక్రంతో బిగించేది) పడవ నడుం విరిగేలా తిప్పుతాడు. మొదటాయన పడవ ఎగిరిపోతుంది, రెండో ఆయనది పగులుతుంది.

కావలసినవి

పైకప్పు మీద రెండు క్రాస్ బార్లు (అడ్డంగా బిగించే కడ్డీలు), పడవ కుదురుగా కూర్చోడానికి సాడిల్స్ (పడవ అడుగు ఒంపుకి సరిపోయే ఆనులు) గానీ ఫోమ్ దిమ్మలు గానీ, కామ్ బకిల్ (పట్టీని లాగితే పట్టుకుని వదలని కొక్కెం) ఉన్న నవారు పట్టీలు రెండు (నాలుగు మీటర్లు పైన ఉంటే సుఖం), ముందుకీ వెనక్కీ చెరో తాడు. అంతే. పైకప్పు ఎంత బరువు మోస్తుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ లెక్కలో ర్యాక్ (అంటే ఈ బార్లు, వాటి కాళ్లు, సాడిల్స్) బరువు కూడా కలుపుకోండి. ఒక్కరు కూర్చునే ప్లాస్టిక్ కయాక్ మామూలుగా 20 నుంచి 30 కిలోలుంటుంది కాబట్టి ఒకటైతే పెద్దగా టెన్షన్ లేదు. బార్లు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత మేలు, 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉంటే నేనైతే కట్టను.

ఎక్కించడం

ఇద్దరుంటే చెరో కొస పట్టుకుని ఎత్తేయండి. ఒక్కరే అయితే కారు వెనక గీతలు పడకుండా రబ్బరు మ్యాట్ వేసి, ముక్కుని వెనక బార్ మీద ఆనించి, తోక ఎత్తి ముందుకు తోయండి. సాడిల్స్ ఉంటే వెల్లకిలా పెట్టవచ్చు, కానీ వాన వస్తే కూర్చునే గుంటలో నీళ్లు నిండుతాయి, కవర్ వేసుకోండి. ఉత్త బార్లో ఫోమో అయితే బోర్లించండి, చాలా కయాక్‌లకు అడుగుభాగం కన్నా పైభాగం అంచులు గట్టిగా ఉంటాయి.

పట్టీలు బిగించడం: అందరూ తప్పు చేసేది ఇక్కడే

బకిల్ కొసని మీ దగ్గరే పెట్టుకుని ఉత్త కొసని అవతలికి వేయండి. నేను మొదట్లో ఒకసారి బకిల్ విసిరి అవతలి కిటికీ అద్దం పగలగొట్టుకున్నాను. అవతలికి వెళ్లి ఆ కొసని బార్ కింద నుంచి తిప్పి, మళ్లీ పడవ మీదుగా ఇవతలికి వేయండి, ఇక్కడ కూడా బార్ కింద నుంచి తీసి బకిల్‌లోకి ఎక్కించండి. బార్ చుట్టూ తిప్పేటప్పుడు పట్టీ ర్యాక్ కాలికి లోపలివైపు, పడవకి ఆనుకుని ఉండాలి. బయటివైపు వేస్తే పడవకీ పట్టీకీ మధ్య ఖాళీ మిగిలి, పడవ అటూ ఇటూ జరుగుతుంది. రెండో బార్ దగ్గరా ఇదే పని.

ఇక బిగింపు. చేత్తో గట్టిగా లాగండి, చాలు. కాలు తన్నిపెట్టి ఒళ్లంతా వేసి లాగక్కర్లేదు. కామ్ బకిల్‌ని నేను సమర్థించేది ఇందుకే, మీ చేతి బలానికి మించి అది బిగుసుకోదు, రాచెట్‌కి ఆ మొహమాటం లేదు. పట్టీ కింద ప్లాస్టిక్ లోపలికి నొక్కుకుపోతే కాస్త వదలండి. ఎండలో ఈ పడవల ప్లాస్టిక్ (పాలిథిలిన్) మెత్తబడుతుంది, అలా బిగించి రోజంతా ఎండలో వదిలేస్తే సొట్ట అలాగే ఉండిపోవచ్చు. అందుకే ఎక్కువసేపు ఆపేటప్పుడు పట్టీలు కొంచెం వదులు చేయండి, బయల్దేరే ముందు మళ్లీ బిగించడం మాత్రం మరిచిపోకండి.

బిగుతు సరిపోయిందా? పడవని పట్టుకుని ఊపండి. దాంతోపాటు కారూ ఊగితే సరే. పడవ ఒక్కటే కదిలితే, విప్పి మొదటి నుంచీ కట్టండి, పైపైన ఇంకో ముడి వేసి సరిపెట్టకండి. పట్టీకి ఒక మెలిక కూడా వేయండి. తిన్నగా ఉన్న పట్టీ గాలికి బుయ్యిమని మోగుతుంది, ఒక్క మెలికతో ఆ గోల చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కొసని బార్‌కి చుట్టి ముడేయండి. తలుపు సందులో ఇరికిస్తే వాననీరు దాని వెంబడే సీటు మీదికి దిగుతుంది.

ముందు తాడు, వెనక తాడు

దగ్గరి దూరమే కదా అని వీటిని మానేసేవాళ్లతో నాకు పడదు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది, ఎదురుగా లారీ దూసుకుపోతే ముక్కు లేస్తుంది. పడవ ముక్కు నుంచీ తోక నుంచీ వచ్చే తాళ్లని కారు లాగుడు కొక్కేలకు గానీ బానెట్ కింది లూపులకు గానీ కట్టండి, ప్లాస్టిక్ బంపర్‌కి కాదు. వదులు లేకుండా ఉంటే చాలు, పడవ విల్లులా వంగిందంటే ఎక్కువైనట్టే. వేలాడే కొసలు మాత్రం ఉంచకండి, చక్రం కింద పడితే తాడు పడవని లాగేస్తుంది.

పికప్ ట్రక్కు అయితే

వెనక తలుపు దించి తొట్టిలో పెట్టి, కొక్కేలకు పట్టీలు వేయండి, పడవ వెనక్కి జారకుండా ముందుకి లాగే తాడు ఒకటి తప్పనిసరి. పడవకి స్క్రూలతో బిగించిన పిడిని నమ్మి కట్టవద్దు. పడవలో మూడో వంతు కన్నా ఎక్కువ బయటికి వస్తే తొట్టి వెనక బిగించే ఎక్స్‌టెండర్ వాడండి, కొసకి ఎర్ర గుడ్డ కట్టండి, ఎంతవరకు బయటికి ఉండొచ్చో మీ దగ్గరి రోడ్డు నిబంధన చూసుకోండి.

బయల్దేరిన పావుగంటకి ఒకసారి ఆగి పట్టీలు తడమండి, కొత్తలో అవి కాస్త సర్దుకుంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఇంకో ప్రమాదం, పైన పడవ ఉందన్నది మరిచిపోయి తక్కువ ఎత్తున్న పార్కింగ్‌లోకి దూరిపోవడం. నేనైతే ఒక పట్టీ ముక్క స్టీరింగ్‌కి చుట్టుకుని నడుపుతాను, పడవ దించాకే దాన్ని విప్పుతాను.