'జరగండి' అంటే తిట్టు కాదు: తిరుపతి కౌంటర్లలో మర్యాద మాట బెడిసికొట్టకుండా

తిరుమల గుడిలో వినిపించే "జరగండి, జరగండి" తెలుగు ముక్క రాని భక్తులకు కూడా నోటికొచ్చేసింది. వాళ్ళలో చాలామంది దాన్ని గదమాయింపు అనుకుంటారు. మన చెవికి అందులో 'అండి' ఉంది కాబట్టి అది మర్యాదే. 'అండి' తెలియని చెవికి మిగిలేది గొంతు పెంపు, చేతి ఊపు, వెనకనుంచి తోపులాట.

చిక్కంతా ఇక్కడే. మన మర్యాద విడిగా ఒక మాటలో ఉండదు, క్రియ తోకలో ఉంటుంది. మాటను వేరే భాషలోకి మార్చేటప్పుడు ఆ తోక ఊడిపోతుంది. లాడ్జి రిసెప్షన్‌లోనో, అంగట్లోనో, ఆటో స్టాండులోనో, శ్రీవారి సేవలోనో ఉన్నవాళ్ళు రోజుకు నాలుగైదు భాషల వాళ్ళతో మాట్లాడాలి. భాషలన్నీ నేర్చుకోనక్కర్లేదు, తోకలు నేర్చుకుంటే సగం పని అయిపోతుంది.

తోకకు తోక

ముందు మూడు క్రియలు పట్టుకోండి: రండి, కూర్చోండి, చెప్పండి. తమిళంలో అవి 'వాంగ, ఉక్కారుంగ, సొల్లుంగ'. కన్నడంలో 'బన్ని, కూత్కొళ్ళి, హేళి'. హిందీలో 'ఆయియే, బైఠియే, బతాయియే'. మరాఠీలో 'యా, బసా, సాంగా'. మన 'అండి' చేసే పని తమిళంలో 'ఉంగ', హిందీలో 'ఇయే' చేస్తాయి.

హిందీలో మనవాళ్ళు ఎక్కువగా జారేది 'ఆవో, బైఠో, బోలో' దగ్గర. సినిమాల్లో విని, హైదరాబాదులో విని అలవాటైన మాటలవి. మన 'రా' అంత కిందికి పోవు, 'రండి' అంత పైకీ రావు. తోటివాళ్ళ దగ్గర ఇబ్బంది లేదు. లక్నో నుంచో ఇండోర్ నుంచో వచ్చిన పెద్దాయనతో 'తుమ్ బైఠో' అంటే మాత్రం ఆయన ముఖం మారుతుంది. పెద్దవాళ్ళకెప్పుడూ 'ఆప్', దానితో 'ఇయే'.

అవతలివాళ్ళ తోక మనకు తప్పుగా వినిపించడం కూడా ఉంది. హుబ్బళ్ళి, రాయచూరు వైపు కన్నడిగులు 'ఏన్రీ', 'హేళ్రీ' అంటారు. ఆ 'రీ' మన 'ఒరే' కాదు, అచ్చంగా మన 'అండీ'నే. హిందీవాళ్ళ 'అరే భాయ్' కూడా 'ఒరే' కాదు. ఆశ్చర్యానికో, పలకరింపుకో అంటారు అంతే.

ఇంగ్లీషు క్రియకు తోకే లేదు. అందుకే 'ఐడీ ఇవ్వండి' కాస్తా 'గివ్ ఐడీ' అయ్యేసరికి పోలీసు మాటలా ఉంటుంది. ముందు 'ప్లీజ్' అతికించినా సగమే నయం. ఇంగ్లీషులో మర్యాద ప్రశ్న రూపంలో వస్తుంది: 'కెన్ ఐ సీ యువర్ ఐడీ, ప్లీజ్?' 'ఏం కావాలండీ?' అని ఎంతో నమ్రతగా మనసులో అనుకుని 'వాట్ డు యు వాంట్?' అంటే, 'నీ గొడవేంటి?' అన్నట్టు తగులుతుంది. దానికి బదులు 'హౌ కెన్ ఐ హెల్ప్ యూ?' అనండి. ఫోన్ ఎత్తి 'చెప్పండి' అనే అలవాటుతో 'టెల్ మీ' అనడం కూడా ఇదే కోవలోది.

'దయచేసి' గురించి ఒక మాట. అది బోర్డుల మీదా, అనౌన్స్‌మెంట్లలోనూ బాగుంటుంది. నోటిమాటగా వాడితే కృత్రిమంగా ఉంటుంది. పైగా 'దయచేయండి' అంటే పాతకాలం మర్యాదలో 'లోపలికి రండి' అని, గొంతు మార్చి 'ఇక దయచేయండి' అంటే 'బయటికి నడవండి' అని! తెలుగు నేర్చుకుంటున్న పైరాష్ట్రం ఉద్యోగికి ఈ మాట నేర్పకండి.

'కొంచెం' ఉంటే చాలు

తోక గుర్తురాకపోతే ఈ చిన్న మాటను పట్టుకోండి. మనకు 'కొంచెం', తమిళులకు 'కొంజం', కన్నడిగులకు 'స్వల్ప', హిందీ మరాఠీలకు 'జరా'. ఆజ్ఞకు ముందు ఇది తగిలిస్తే విన్నపం అవుతుంది.

కొంచెం ముందుకు జరగండమ్మా.
కొంజం మున్నాడి పోంగమ్మా.
స్వల్ప ముందె హోగి.
జరా ఆగే బఢియే.

క్యూలో నిలబడి వందసార్లు చెప్పాల్సినవాళ్ళు రెండోసారికే 'కొంచెం' వదిలేస్తారు. అలసట వస్తుంది, తప్పదు. అలాంటప్పుడు మాట తగ్గించి చేయి వాడండి: అరచేయి తెరిచి, వెళ్ళాల్సిన దిక్కుకు చూపాలి. వేలు చూపకూడదు, చిటిక వేయకూడదు. అరచేయి కిందికి పెట్టి వేళ్ళాడించి పిలవడం మనకు మామూలే గానీ, పాశ్చాత్య దేశాల వాళ్ళకు అది 'పో పో' అన్నట్టు కూడా కనపడుతుంది.

'రండి' దగ్గర జాగ్రత్త

ఇది చాలామంది పైకి చెప్పడానికి మొహమాటపడే సంగతి. మన 'రండి' లాగే వినిపించే మాట హిందీలో ఆడవాళ్ళను అనే పచ్చి బూతు. అంగడి గడప దగ్గర నిలబడి ఉత్తరాది కుటుంబాన్ని చూస్తూ 'రండి రండి' అని కేకేస్తే వాళ్ళకు ఏం వినపడుతుందో ఊహించుకోండి. ఎవరు ఎక్కడివాళ్ళో తెలియని చోట 'నమస్తే, ఆయియే' అనండి, లేదా 'వెల్‌కమ్' అనండి. తోటి పనివాణ్ణి పిలవాల్సి వచ్చినా వాళ్ళ ముందు 'ఇటు రావాలి సార్' అంటే సరిపోతుంది.

నోరు జారితే వెంటనే చెప్పాల్సింది ఒక్క వాక్యం: 'తెలుగు మే ఇస్‌కా మత్‌లబ్ ఆయియే హై.' నవ్వేస్తారు, అయిపోతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. హిందీలో మత్‌లబ్ అంటే అర్థం. మనకు మతలబు అంటే లోపల దాచుకున్న ఎత్తు. వాళ్ళు 'క్యా మత్‌లబ్?' అని అమాయకంగా అడిగితే, 'నీ మతలబు ఏంటి?' అని నిలదీసినట్టు మీరు ఉడుక్కోవద్దు.

పర్లేదు, కష్టం, చూద్దాం

ఎక్కువ తగాదాలు పుట్టేది ఈ మూడు మాటల దగ్గరే.

'పర్వాలేదు' తమిళంలో 'పరవాయిల్లై', కన్నడంలో 'పరవాగిల్ల'. మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయి, మూడు చోట్లా మెత్తని మాటే. అదే ఊపులో హిందీలోకి మార్చి 'పర్వా నహీ' అన్నారో, 'నాకేం లెక్కలేదు' అన్నట్టవుతుంది. ఎవరైనా మీ కాలు తొక్కి సారీ చెప్పినప్పుడు, చిల్లర ఆలస్యమైందని నొచ్చుకున్నప్పుడు హిందీలో అనాల్సింది 'కోయీ బాత్ నహీ'.

'పర్లేదు'కు మర్యాదగా వద్దనడం అనే అర్థం కూడా ఉంది. కాఫీ తాగుతారా అంటే మనవాళ్ళు మొదట 'పర్లేదండీ' అంటారు. అది ఇంకోసారి అడగమని పిలుపు. తెలుగు, తమిళ అతిథులను రెండుసార్లు అడగండి. విదేశీయులు 'నో, థ్యాంక్స్' అంటే అది నిజంగానే వద్దని. మూడోసారి బలవంతం చేస్తే, బిల్లులో వేస్తారేమోనని భయపడతారు.

'కష్టమండీ' అంటే మన దగ్గర 'కుదరదు' అని మెత్తగా చెప్పడం. బస్టాండు దగ్గర ఒక లాడ్జి కౌంటర్‌ను ఊహించుకోండి. ఉదయం 9కి ఖాళీ చేయాల్సిన గది. ముందురాత్రి అతిథి వచ్చి మధ్యాహ్నం దాకా ఉండొచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు.

"డిఫికల్ట్ సార్… వీ విల్ సీ."

రిసెప్షన్ కుర్రాడు మర్యాదగా కాదన్నాడు, ఒకటికి రెండుసార్లు. అతిథికి వినపడింది వేరు: కాస్త కష్టం గానీ వీళ్ళు ప్రయత్నిస్తారు, బహుశా కొంత డబ్బు ఎక్కువ తీసుకుంటారు. నిశ్చింతగా పడుకున్నాడు. 9 గంటలకు తలుపు కొట్టారు. 'రాత్రి ఒప్పుకుని పొద్దున మాట మార్చారు' అని అతను, 'కుదరదని అప్పుడే చెప్పాం కదా' అని వీళ్ళు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీనికి మందు మూడు ముక్కల జవాబు: కాదు అన్న మాట, కారణం, బదులు ఏం చేయగలరో. 'సారీ సర్, నాట్ పాసిబుల్. నెక్స్ట్ గెస్ట్ ఈజ్ కమింగ్ ఎట్ నైన్. యు కెన్ కీప్ యువర్ బ్యాగ్స్ హియర్ టిల్ టూ.' గంట ఎంతో, డబ్బు ఎంతో అంకెల్లో చెప్పండి, లేదా చీటీ మీద రాసి ఇవ్వండి. హిందీలో అయితే 'ముష్కిల్ హై' అని వదిలేయకుండా 'నహీ హో పాయేగా' అనండి. మొహమాటంకొద్దీ 'కాదు' అన్న ముక్క మింగేస్తే మిగతా మర్యాదంతా వృథా. తెలుగువాళ్ళ మధ్య 'చూద్దాం' బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అది కాదనడమేనని ఇద్దరికీ తెలుసు.

అమ్మా, ఆంటీ, భయ్యా

మనం ఐదేళ్ళ పిల్లనూ 'అమ్మా' అంటాం, డెబ్బై ఏళ్ళ పెద్దావిడనూ 'అమ్మా' అంటాం. హిందీవాళ్ళకు 'అమ్మా' అంటే తల్లి, లేదా ముసలావిడ. పాతికేళ్ళ ఢిల్లీ అమ్మాయిని అలా పిలిస్తే అద్దంలో చూసుకుంటుంది. 'దీదీ' గానీ 'మేడమ్' గానీ నయం. 'ఆంటీ' మాత్రం ఏ భాషవాళ్ళ దగ్గరా వద్దు; బెంగుళూరు నుంచి వచ్చిన ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగిని దాన్ని వయసు ఎత్తిచూపడంగానే తీసుకుంటుంది. ముంబైలో 'భయ్యా' అన్న మాటకు వలసవచ్చిన ఉత్తరాదివాళ్ళను చిన్నచూపు చూసే వాసన ఉంది. మహారాష్ట్ర వాళ్ళను 'దాదా', 'భావు' అనండి, ఏదీ తోచకపోతే 'సర్'. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకు ఏ భాషైనా 'స్వామీ' ఒక్కటే.

తెలుగుకు తెలుగే అడ్డం

పైరాష్ట్రాల వాళ్ళ సంగతి సరే, కాకినాడ కుటుంబానికీ చిత్తూరు కుర్రాడికీ మధ్య కూడా ఇదే జరుగుతుంది. చిత్తూరు చుట్టుపక్కల 'ఏంనా', 'రాన్నా', 'చెప్పన్నా' అంటే గౌరవమే. క్రియ ఏకవచనంలో ఉన్నా గౌరవం మోసేది చివరి 'అన్నా'. కోస్తా పెద్దాయనకు ముందు 'రా', 'చెప్పు' వినపడతాయి, ఆ 'అన్నా' చెవికెక్కదు. 'ఆయప్ప', 'ఆయమ్మ' అన్నా అంతే, వాళ్ళకు అలవాటైనవి 'ఆయన', 'ఆవిడ'. ఇక్కడ 'పోదాం', 'పోయొస్తాం' మామూలు మాటలు, అక్కడ 'పో' అంటే విదిలింపు. ఎదురుగా గోదావరి మనిషి ఎంతో వినయంగా 'ఆయ్' అంటే, మనవాడికి 'ఏయ్' అన్నట్టుంటుంది.

చిత్తూరు మాట తప్పు కాదు, దిద్దుకోనక్కర్లేదు. ఇప్పుడు తమిళనాడులో ఉన్న తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. కుప్పం దగ్గర మూడు రాష్ట్రాలు ఆనుకుని ఉన్నాయి. అలాంటి చోటి మాటకు ఇరుగుపొరుగు భాషల రుచి తగలకుండా ఎలా ఉంటుంది? కౌంటర్ దగ్గర మాత్రం ఒక్క మార్పు చాలు: 'అన్నా' ఉంచి క్రియకు 'అండి' చేర్చండి. 'చెప్పండన్నా', 'కూర్చోండన్నా'. ఇద్దరి లెక్కా సరిపోతుంది.

సాగనంపేటప్పుడు 'పోయి రండి', 'వెళ్ళి రండి' అనడం మనకూ తమిళులకూ కన్నడిగులకూ ఒకటే పద్ధతి. మందుల షాపులో, ఆసుపత్రి కౌంటర్‌లో మాత్రం 'మళ్ళీ రండి' అనకండి. 'జాగ్రత్తగా వెళ్ళండి' అంటే చాలు. బయల్దేరినవాళ్ళను 'ఎక్కడికి?' అనడం మనకు అపశకునం, 'ఎందాకా?' అంటాం. ఆటోవాళ్ళకు ఇది కుదరదు గనక 'ఏ స్టాప్ సార్?' అంటే గొడవే లేదు.

బెడిసికొట్టాక

అవతలి ముఖం మారిందని కనపడగానే ఆగండి. అదే మాటను ఇంకా గట్టిగా చెప్పడం అందరూ చేసే తప్పు. అర్థం కానిది చెవుడు వల్ల కాదు కదా. గొంతు తగ్గించి, వాళ్ళ భాషలో ఒక్క మాట: తమిళంలో 'మన్నిచ్చిడుంగ', కన్నడంలో 'క్షమిసి', హిందీలో 'మాఫ్ కీజియే'. 'సారీ' అన్ని చోట్లా చెల్లుతుంది. తర్వాత అసలు విషయం చిన్న వాక్యంలో మళ్ళీ చెప్పండి. నేను అలా అనలేదు, మీరే తప్పుగా విన్నారు అన్న వాదన మాత్రం వద్దు. తల అడ్డంగా ఆడించి ఒప్పుకోవడం మన అలవాటు, విదేశీయులకు అది 'నో' లాగా కనపడవచ్చు. నోటితో 'ఎస్' అనండి.

పైన చెప్పిన క్రియలు, 'కొంచెం' వాక్యాలు నాలుగు, క్షమాపణలు మూడు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్ అద్దం కింద పెట్టుకోండి. తిరుపతి లాడ్జిలో తమిళం వచ్చినవాళ్ళు ఒకరైనా దొరుకుతారు. వాళ్ళకు ఒకసారి వినిపించి పలుకుబడి సరిచూసుకోండి. 'వాంగ'లో దీర్ఘం గట్టిగా పట్టాలి. తగ్గించి 'వంగ' అన్నారంటే మిగిలేది వంకాయ మొక్కే.