క్లచ్ జారుతోందా? ప్లేట్లు విప్పే ముందు కింద ఉన్న ఆర్మ్ చూడండి

కాలువ గట్టు మీద ఇంజను గట్టిగా మోగుతుంది, బండి మాత్రం సైకిలు వేగం దాటదు. లేదా లంకలోంచి ర్యాంపు ఎక్కి ఏటిగట్టు మీదికి వచ్చేటప్పుడు, సరిగ్గా సగం ఎత్తులో, యాక్సిలరేటరు తిప్పినకొద్దీ చప్పుడు పెరుగుతుందే తప్ప వెనక చక్రానికి బలం అందదు. ఇలా అయిందని నాకు ఫోను చేసేవాళ్లందరి రెండో వాక్యం ఒకటే: "ప్లేట్లు పోయినట్టున్నాయండి." పోయాయని మీకు ఎవరు చెప్పారు? విప్పి చూశారా? లేదు. కిందికి వంగి ఒక్కసారి ఇంజను పక్కన చూశారా? అదీ లేదు.

హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటి మోటారు సైకిళ్లు నడిపేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. గేర్లు, ఆయిలు, నట్లు, స్పానర్లు మీకు తెలిసినవే అనుకుంటాను. ఈ బళ్లలో క్లచ్ ఇంజను ఆయిల్లో మునిగి ఉంటుందనే ఒక్క సంగతి మాత్రం మనసులో ఉంచుకోండి.

ఇంజను అరుస్తుంది, బండి కదలదు

బండి చల్లగా ఉన్నప్పుడు క్లచ్ లివరు మొదట్లో, అది హోల్డరులో కూర్చునే చోట, 2-3 మిల్లీమీటర్ల లూజు ఉందో లేదో చూడండి. మీ బండి పుస్తకం వేరే అంకె చెబితే దానినే పాటించండి. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ లూజు తగ్గుతూ వస్తుంది. అసలే లేకపోతే లివరు వదిలేసినా క్లచ్ సగం నొక్కి పట్టుకున్నట్టే లెక్క. అడ్జస్టరు కాస్త లోపలికి తిప్పి, లాక్‌నట్టు బిగిస్తే పని అయిపోతుంది. రెండు నిమిషాలు పట్టే ఈ పని మానేసి ఇంజను కవరు విప్పినవాళ్లను చాలామందిని చూశాను. ఇంక తిట్టే ఓపిక లేదు.

లూజు సరిగ్గానే ఉండి, సర్వీసు చేయించిన కొద్ది రోజులకే జారడం మొదలైతే, పోసిన ఆయిలు డబ్బా ఏదో కనుక్కోండి. దాని మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అంటే ఆయిల్లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు. కార్లకు పోసే పలుచటి ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. కారుకు అది మేలు. మన క్లచ్‌కు రాపిడే ప్రాణం, కాబట్టి ఆ ఆయిలు దానికి విషం. వెంటనే దించేసి సరైనది పోస్తే తరచుగా ప్లేట్లు తేరుకుంటాయి. గేజు అద్దంలో ఆయిలు మజ్జిగ రంగులో కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయి. బండిని కాలువలో ఎక్కడ ముంచారో మీకే తెలుసు. ఆయిలు మార్చండి, మళ్లీ తెల్లబడితే మళ్లీ మార్చండి.

లూజు ఉంది, ఆయిలు సరైనదే, అయినా జారుతోంది

ఇక్కడే నేను రెండు సెట్ల ప్లేట్లు తగలేశాను.

ఒక ఏడాది గోదావరి వరద తీశాక లంకల్లో పుంతలన్నీ ఒండ్రు పట్టి ఉన్నాయి. ఆ మట్టి సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తడిగా ఉంటే వెన్నలా జారుతుంది, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. వారం రోజులు అందులోనే తిరిగాను. ప్రతి సాయంత్రం బండిని వాటర్ సర్వీసులో మెరిసేలా కడిగించాను కూడా. ఆ తర్వాత నర్సాపురం రేవులో పంటు (బళ్లను ఏరు దాటించే పడవ) దిగి ర్యాంపు ఎక్కుతుంటే మొదటిసారి క్లచ్ జారింది. లివరు దగ్గర లూజు చూశాను, బాగానే ఉంది. ఆయిలు నేను స్వయంగా పోసిందే. అయితే ప్లేట్లేనని తేల్చుకుని ప్లేట్లు, స్ప్రింగులు అన్నీ కొత్తవి వేశాను. నెల తిరక్కుండానే మళ్లీ అదే వరస. విప్పితే ఉక్కు ప్లేట్లు వేడికి నీలం తిరిగి ఉన్నాయి. దుకాణంలో నాసిరకం సరుకు అంటగట్టారని అతనితో గొడవపడి ఇంకో సెట్టు తెచ్చి వేశాను. (తప్పు అతనిది కాదు. తర్వాత వెళ్లి టీ ఇప్పించాను.)

మూడోసారి రాజోలు వైపు రొయ్యల చెరువుల మధ్య ఆగిపోయాను. అక్కడ చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) బాగుచేసే పెద్దాయన ఒకరు వచ్చి, చేతులు తుడుచుకుని, నేను చెప్పిన కథంతా విన్నారు. లివరును ముట్టుకోనే లేదు. గొంతుక్కూర్చుని, ఇంజను కవరు మీద క్లచ్ వైరు తగిలించి ఉండే ఆర్మ్‌ను చూపుడువేలితో నెట్టి చూశారు.

"బాబూ, పైన లూజు ఉంది సరే. మరి కింద ఇది బిగుసుకుని ఉందేమిటి?"

జరిగింది ఇది. క్లచ్ వైరు అంటే లోపల ఉక్కు పోగుల తీగ, చుట్టూ తొడుగు. కొసల దగ్గర రబ్బరు బూట్లు ఉంటాయి. కింది బూటు చిన్నగా చిరిగినా బురద నీళ్లు తొడుగులోకి చేరతాయి. వాటర్ సర్వీసు గొట్టం సూటిగా అక్కడికే పెడితే ఇంకా లోతుకు పోతాయి. రాత్రికి నీరు ఆరుతుంది, ఒండ్రు మిగులుతుంది. చెరువు గట్ల మీద, అంతర్వేది ఇసుకలో తిరిగితే దానికి ఉప్పు తోడై తీగ తుప్పు పడుతుంది. మీరు లివరు నొక్కినప్పుడు చేతి బలానికి తీగ కదులుతుంది. వదిలినప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సింది క్లచ్ లోపలి స్ప్రింగులు. తీగ తొడుగులో పట్టేస్తే ఆ స్ప్రింగుల బలంలో కొంత తీగను లాగడానికే ఖర్చయిపోతుంది, ప్లేట్లను నొక్కిపట్టడానికి మిగిలేది తక్కువ. లివరు మాత్రం తన దారిన తాను వెనక్కి వస్తుంది కాబట్టి పై ముక్కలో లూజు కనిపిస్తుంది. పైన చూసినవాడికి అంతా సవ్యం, కింద క్లచ్ సగం తెరిచే ఉంది.

ఊళ్లో తిరిగేటప్పుడు ఇది తెలియదు. మెత్తటి ఇసుకలో, వెనక మనిషి ఉన్నప్పుడు, పై గేరులో ఎదురుగాలికి బయటపడుతుంది. లివరు వదిలాక కాస్త బద్ధకంగా వెనక్కి రావడం, రాత్రంతా నిలిపి ఉంచిన బండి పొద్దున ఎక్కువగా జారడం, హ్యాండిలు ఒక వైపు పూర్తిగా తిప్పితే లూజు మారిపోవడం దీని గుర్తులు. నిలబడి నడపడానికి హ్యాండిలు కింద రైజర్లు (ఎత్తు పెంచే ముక్కలు) వేయించి పాత వైరునే ఉంచినవాళ్లకు ఆ మూడో గుర్తు తప్పదు. అక్కడ వైరు పొడవు చాలక మలుపులో లాగేస్తుంది.

ఇక పరీక్ష. ఇంజను ఆపి, లివరు వదిలేసి, ఆర్మ్‌ను వైరు లాగే వైపు వేలితో నెట్టండి. లోపల పట్టు తగిలేలోపు కొంచెం ఉత్త కదలిక ఉండాలి. పైన లూజు ఉండి కింద ఆ కదలిక లేకపోతే దొంగ దొరికినట్టే. ఇప్పుడు వైరు కింది కొస ఆర్మ్ నుంచి తప్పించి మళ్లీ నెట్టండి. కదలిక వచ్చిందా? తప్పు వైరుదే. వైరు తప్పించాక కూడా రాకపోతే ఆర్మ్ ఇరుసు చుట్టూ మట్టి గడ్డకట్టి ఉంటుంది, లేదా ఇరుసు తుప్పు పట్టి ఉంటుంది. పాత బ్రష్షుతో మట్టి తీసి, రెండు చుక్కల నూనె వేసి, వేలితో ఆడిస్తూ పోతే చాలాసార్లు వదులుతుంది.

అనుమానం తీరకపోతే వైరు తప్పించిన స్థితిలోనే ఖాళీ దారిలో నడిపి చూడవచ్చు. న్యూట్రల్‌లో స్టార్టు చేసి, ఒకరిచేత నెట్టించుకుని, చక్రాలు తిరుగుతుండగా ఒకటో గేరు తొక్కండి. పై గేర్లు క్లచ్ లేకుండానే, యాక్సిలరేటరు ఒక్క క్షణం వదిలి వేయండి. నాలుగో గేరులో ఒక్కసారిగా తిప్పినప్పుడు ఇంజను వేగంతోపాటు బండి కూడా లాగితే మీ ప్లేట్లు నిర్దోషులు. ఆగేటప్పుడు న్యూట్రల్‌లోకి తేవడం మరిచిపోకండి.

పట్టేసిన వైరుకు మందు కొత్త వైరే. అత్యవసరమైతే పై కొస విప్పి, తొడుగు మూతికి పాలిథిన్ కవరు మూలను గరాటులా కట్టి, పలుచటి నూనె పోస్తూ తీగను ఆడించండి. కింద మొదట ఎర్రటి మురికి కారుతుంది, తర్వాత తేట నూనె వస్తుంది. ఇంటికి చేరడానికి అది చాలు. గ్రీజు మాత్రం కూరకండి, అది ఒండ్రును పట్టుకుని కూర్చుంటుంది. కోనసీమ కదా అని ఒకరు కొబ్బరినూనె పోశారు. ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో నూనె ఏమవుతుందో తొడుగులోనూ అదే అయింది. కొత్త వైరు వేసేటప్పుడు కింది బూటు కూడా కొత్తదే వేయండి. కడిగించేటప్పుడు గొట్టం ఆ వైపు పెట్టవద్దని చెప్పండి. చెప్పినా పెడతారు, కాబట్టి పక్కనే నిలబడండి.

ఇన్నీ చూశాక కూడా జారితే, అప్పుడు ప్లేట్లు. మందం వెర్నియర్‌తో కొలవండి, కంటి చూపును నమ్మవద్దు. నీలం తిరిగిన ఉక్కు ప్లేటు, వంగినది మళ్లీ వేయకండి. కొత్త రాపిడి ప్లేట్లను ముందు రాత్రి ఇంజను ఆయిల్లో నానబెట్టండి. ఇసుకలో సగం క్లచ్ మీద గంటలు గంటలు తన్నుకులాడి, మాడు వాసన వచ్చినా ఆగనివాళ్లకు ఈ ఖర్చు న్యాయమే. వాసన రాగానే ఇంజను ఆపి, కొబ్బరిచెట్టు నీడలో అరగంట కూర్చుంటే మిగిలే డబ్బు అది.

క్లచ్ నొక్కినా బండి ముందుకు పాకుతోంది, న్యూట్రల్ దొరకదు

ఇది తిరగేసిన జబ్బు. లూజు మరీ ఎక్కువైంది, తగ్గించండి. వర్షాకాలమంతా షెడ్డులో పడి ఉన్న బండి అయితే ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. కాసేపు ఇంజను వేడెక్కనిచ్చి ఆపండి. గేరులో వేసి, లివరు నొక్కిపట్టి, ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపితే విడతాయి.

వైరు తెగింది

ఎక్కువగా లివరు దగ్గర, తీగ కొసన ఉండే గుండు పక్కనే తెగుతుంది. గుండు ఎండిపోయి దాని గూటిలో తిరగకపోతే, నొక్కిన ప్రతిసారీ తీగ అక్కడే వంగి ఒక్కో పోగు విరుగుతుంది. నెలకోసారి ఆ గుండుకు ఒక్క చుక్క గ్రీజు చాలు, ఇక్కడ గ్రీజు తప్పు కాదు. దారిలో తెగితే పైన చెప్పిన నెట్టుడు పద్ధతితో ఇల్లు చేరవచ్చు. కానీ లంకల్లోకి వెళ్లేవాళ్లు ఇంకో పని చేయాలి. కొత్త వైరును పాత వైరు పక్కనే అదే దారిలో పరిచి, రెండు కొసలూ టేపుతో మూసి కట్టేసుకోండి. తెగిన చోటే కొసలు మార్చి తగిలించుకోవచ్చు, ట్యాంకు విప్పే పని ఉండదు.

క్లచ్ బాస్కెట్టు (ప్లేట్లు కూర్చునే గిన్నె) అంచులు గాట్లు పడటం, లోపలి పుష్‌రాడ్డు వంగడం, స్ప్రింగు విరగడం కూడా ఉంటాయి. అవి అరుదు, కవరు విప్పితే కంటికి కనిపిస్తాయి. వాటి కోసం ముందే కవరు విప్పకండి.