డిసెంబరు 31కి విస్కీ కొనేముందు

డిసెంబరు సగం దాటిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఈ రకం మెసేజ్ తిరగడం మొదలవుతుంది: "అన్నా, డ్యూటీ ఫ్రీ సరుకు వచ్చింది. షాపులో నాలుగు వేల సీసా మనకు రెండున్నరకే. ఎన్ని పక్కన పెట్టమంటావ్?" కింద తళతళలాడే సీసాల ఫొటో. ఏడాది పొడుగునా ఒకటే బ్రాండ్ తాగే మనిషి కూడా ఆ ఒక్క రాత్రికి కాస్త మంచిది కొనాలనుకుంటాడు. ఆ మంచిది రుచికి ఎలా ఉంటుందో మాత్రం అతనికి తెలియదు. నకిలీ సరుకు అమ్మేవాడికి సరిగ్గా అలాంటివాడే కావాలి. అందుకే ఏ విస్కీ బాగుంటుందో అడిగే ముందు, ఎక్కడ కొంటున్నామో తేల్చుకోవాలి.

డ్యూటీ ఫ్రీ లెక్క సులువు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది 2 లీటర్లే. అమెరికా నుంచి బావగారు రెండు సీసాలు తెచ్చారంటే నమ్మొచ్చు. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర ఇరవై సీసాలున్నాయంటే అవి డ్యూటీ ఫ్రీవి కావు. బార్ల నుంచి, పార్టీల నుంచి, పాత సామాన్లవాళ్ల నుంచి ఖరీదైన ఖాళీ సీసాలు సేకరించి, వాటిలో చౌక మందు పోసి, కొత్త మూత బిగించి అమ్మడం హైదరాబాద్‌లో పాత దందానే. ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటూనే ఉంటారు, ఇంకొకడు మొదలుపెడుతూనే ఉంటాడు. లోపల ఉన్నది చౌక మందే అయితే పోయేది డబ్బే. అది కూడా కాకపోతే ఏమవుతుందో చివర్లో చెబుతాను.

గోవా, ఢిల్లీ సీసాలదీ ఇదే కథ. ఇక్కడి పన్ను కట్టని మందు తెస్తే రైల్లో అయినా, ఎయిర్‌పోర్టులో అయినా దొరికినప్పుడు కేసు మన మీదే. మిలటరీ క్యాంటీన్ సరుకు బయటివాళ్లకు అమ్మడం కూడా నేరమే, 'మా చిన్నాన్న ఆర్మీలో ఉన్నాడు' అని ఎవరెంత ధీమాగా చెప్పినా సరే. ఇక బెల్టు షాపులో బిల్లు ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు.

లైసెన్సు ఉన్న షాపులో కొన్నా సీసాను ఒక్క నిమిషం చేతిలో తిప్పి చూడండి. ముందుగా మూత. తిప్పగానే కింది రింగు నుంచి టకటకమని తెగుతూ విడిపోవాలి. మూత, రింగు కలిసి తిరిగినా, ముందే వదులుగా ఉన్నా ఆ సీసా వెనక్కి ఇచ్చేయండి. చాలా బ్రాండ్లలో మూతి లోపల ప్లాస్టిక్ గొట్టం, అందులో చిన్న గోలీ ఉంటాయి. మందు బయటికి రావాలే తప్ప తిరిగి లోపలికి పోకూడదని ఆ ఏర్పాటు. దాన్ని ఊడబెరికి మళ్లీ నొక్కితే అంచు మీద గీతలు పడతాయి. సీలు తీయని సీసాను తలకిందులు చేసి పట్టుకుంటే చుక్క కూడా కారకూడదు. పక్కనున్న అదే బ్రాండ్ సీసాల్లో మందు మట్టం ఒకేలా ఉందా, లేబులు కింద జిగురు ముడతలు పడిందా అన్నవీ చూడండి. తెలంగాణలో అమ్మే సీసా మీద ఆ రాష్ట్రంలో అమ్మకానికే అని రాసి ఉంటుంది, ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉంటుంది. ఆంధ్రలో 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక, సీసా మీది కోడ్‌ను స్కాన్ చేసి చూసుకోవడానికి 'ఏపీ ఎక్సైజ్ సురక్ష' యాప్ తెచ్చారు. అయితే కోడ్ సరిపోయిందని మూత చూడటం మానొద్దు. పాత సీసా మీద అసలు లేబులు అలాగే ఉంటుంది కదా. ఇంట్లో ఖాళీ అయిన ఖరీదైన సీసాను కూడా లేబులు చింపి, మూత నొక్కేసి పారేయండి.

ఇప్పుడు ఏది కొనాలి?

లేబులు చదవడం వస్తే సగం డబ్బు మిగులుతుంది. రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్, సిగ్నేచర్ లాంటివి మన దగ్గర తయారైన స్పిరిట్‌లో (ఘాటైన ఆల్కహాల్‌లో) కొంత మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన విస్కీ, కలిపి చేసేవి. సాధారణంగా వీటిలో ఆల్కహాల్ 42.8 శాతం. యూరప్‌లో ధాన్యం నుంచి తీసి, పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచితేనే విస్కీ అనాలి. అందుకే చెరకు మడ్డి స్పిరిట్ కలిసిన లేదా అన్నేళ్లు పీపాల్లో ఉంచని మన బ్రాండ్లను అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వరు. అంతమాత్రాన ఇవి తాగడానికి పనికిరావని కాదు. సోడా, ఐసు, పక్కన మిర్చి బజ్జీ ఉన్న సిట్టింగ్‌కు ఇవే సరిపోతాయి.

దానిపై మెట్టు, స్కాట్లాండ్‌లో తయారై పెద్ద ట్యాంకుల్లో వచ్చి ఇక్కడ సీసాల్లోకి దిగే స్కాచ్: హండ్రెడ్ పైపర్స్, టీచర్స్, బ్లాక్ అండ్ వైట్ లాంటివి. సీసాతో సహా దిగుమతి అయ్యే వాటికన్నా బాగా తక్కువ ధర. 'కాస్త మంచిది' అని వెతికేవాళ్లలో ఎక్కువమందికి నేను ఇక్కడే ఆగమని చెబుతాను. లేబులు మీద కనిపించే ప్రతి అంకె వయసు కాదని కూడా గుర్తుంచుకోండి. 1882లో విలియం శాండర్సన్ వంద రకాల మిశ్రమాలు తయారు చేయించి రుచి చూపిస్తే, 69వ పీపాలోది గెలిచింది. వ్యాట్ 69లో ఉన్న 69 అదే. '12 ఇయర్స్' అని స్పష్టంగా రాసి ఉంటేనే వయసు, అది కూడా అందులో కలిసిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. రంగు చూసి అసలు మోసపోవద్దు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతోనే చేసిన విస్కీ, కొనాలనుకుంటే స్కాట్లాండ్ దాకా పోనక్కర్లేదు. బెంగళూరు అమృత్ 2004లో ముందు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో అమ్మకానికి వచ్చి పేరు తెచ్చుకుంది. గోవా పాల్ జాన్, హర్యానా ఇంద్రి ఉన్నాయి. మన వేడికి పీపాలోంచి ఏటా పదో వంతు దాకా ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో 2 శాతమే. విస్కీ ఇక్కడ త్వరగా పక్వానికి వస్తుంది కాబట్టి మన మాల్టుల మీద వయసు లేదని చిన్నచూపు చూడొద్దు. కానీ సింగిల్ మాల్ట్‌లో థమ్సప్ పోసుకునేవాళ్లకు మాత్రం అది కొనిపెట్టకండి. అది మందుకూ మర్యాద కాదు, మీ పర్సుకూ కాదు.

రుచి విషయంలో ఒకటే హెచ్చరిక, పొగ వాసన. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ లాంటివి అలవాటు లేనివాళ్లకు ఆసుపత్రి వార్డు వాసన కొడతాయి. బహుమతిగా ఇచ్చేముందు ఆలోచించండి. తీపి, వెనిల్లా ఇష్టమైతే బర్బన్ (అమెరికా మొక్కజొన్న విస్కీ), మెత్తగా దిగాలంటే ఐర్లండ్ జేమ్సన్, లేదా స్కాట్లాండ్ గ్లెన్‌లివెట్. తెలియని బ్రాండ్ ఫుల్ కొనేముందు బార్‌లో ఒక 30 ఎంఎల్ తాగి చూడటం అన్నిటికన్నా చౌకైన పరీక్ష. 2025 జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకాలయ్యాయి, స్కాచ్ సగం ధరకు వస్తుందని ఆగేవాళ్లూ ఉన్నారు. ఆ ఒప్పందం దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 75కు, పదేళ్లలో 40కి తగ్గిస్తుంది. రాష్ట్రం వేసే పన్నులు ఎక్కడికీ పోవు.

ఎంత, ఎలా

750 ఎంఎల్ ఫుల్‌లో 60 ఎంఎల్ చొప్పున పన్నెండున్నర లార్జ్‌లు వస్తాయి. తల లెక్కన ముందే కొనండి. రాత్రి పదకొండింటికి 'ఇంకో హాఫ్' కోసం బండి తీయడమే అసలు ప్రమాదం. ఒక లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. శరీరం గంటకు వదిలించుకునేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. నాలుగు లార్జ్‌లు తాగి అర్ధరాత్రి ముగిస్తే పొద్దున ఏడింటికి కూడా రక్తంలో మిగిలి ఉండొచ్చు. చట్టం ఒప్పుకునేది 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు. డెబ్బై కిలోల మనిషికి ఒక్క లార్జే ఆ గీత దాటించగలదు. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి 'ఒక్కటే కదా' అనే మాటను పార్టీకి వెళ్లేముందే మర్చిపోయి క్యాబ్ మాట్లాడుకోండి. ఫంక్షన్ హాల్లో మందు పోసేవాళ్లు ఒకరోజు పర్మిట్ తీసుకోవాలి. 21 ఏళ్లు నిండని పిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ మందు అమ్మకూడదు.

విరేచనాలకో, పంటి నొప్పికో మెట్రోనిడజోల్ వాడుతుంటే, ఆపేశాక మూడు రోజుల దాకా మందు జోలికి పోవద్దు. విపరీతమైన వాంతులు, గుండె దడ రావచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. షుగరుకు ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు ఖాళీ కడుపుతో తాగితే రాత్రి షుగరు పడిపోవచ్చు. చూసేవాళ్లు 'ఎక్కువైంది, పడుకోనివ్వండి' అనుకుంటారు, అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. తలనొప్పికి పారాసెటమాల్ కూడా ఆ రాత్రి వద్దు.

నకిలీ మందులో మిథనాల్ (విషపు ఆల్కహాల్) ఉంటే రుచిలో తెలియదు, వాసనలో తెలియదు. 10 ఎంఎల్ శుద్ధమైన మిథనాల్ చూపు పోగొట్టగలదు. చాలాసార్లు 12 గంటల నుంచి ఒక రోజు దాకా ఏమీ కానట్టే ఉంటుంది. తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ల ముందు మసక. హ్యాంగోవర్ అని మజ్జిగ తాగించి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సీసాలో తాగిన మిగతావాళ్లు బాగానే ఉన్నా వాళ్లనూ రమ్మనండి. సీసా ఖాళీ అయినా వెంట పట్టుకెళ్లండి. ఎక్కడ కొన్నారో, ఎన్ని గంటలకు, ఎంత తాగారో పరువుకు పోకుండా డాక్టరుకు చెప్పండి.