కౌజు పిట్టల ఈకలు రాలుతున్నాయా? దాణా మార్చే ముందు ఈక మొదలు చూడండి

ఈకలు రాలుతున్నాయనగానే చాలామంది నీళ్లలో విటమిన్ చుక్కలు కలిపేస్తారు. వీపు బోసిపోవడానికి కారణం దాణా కావచ్చు, మగపిట్ట కావచ్చు, పంజరం పైకప్పు కావచ్చు, పురుగూ కావచ్చు. ఏదన్నది తేలాలంటే పిట్టను చేతిలోకి తీసుకోవాల్సిందే.

వెలుతురు తగ్గాక పట్టుకుంటే పెద్దగా గింజుకోదు. అరచేతిని వీపు మీదుగా వేసి రెండు రెక్కలనూ కలిపి పట్టాలి. రొమ్ము నొక్కితే ఊపిరాడదు, జాగ్రత్త. బోసిగా ఉన్నచోట స్ట్రాతో మెల్లగా ఊదితే ఈకలు విచ్చుకుని చర్మం కనిపిస్తుంది. అక్కడ విరిగిన కాడలు మిగిలాయా, నున్నగా ఉందా, ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తున్నాయా చూడండి. మొదలంటా ఊడిన ఈక కొన్ని వారాల్లో మళ్లీ మొలుస్తుంది. విరిగిన కాడ మాత్రం చర్మంలో అలాగే ఉండిపోతుంది. మళ్లీ ఈకలు మార్చుకునే కాలం వచ్చేదాకా అక్కడ కొత్తది రాదు, మీరు ఏం తినిపించినా సరే.

ఇక్కడ చెప్పేదంతా ఇళ్లలో పెంచే జపాన్ కౌజు గురించి. పొలాల్లో దొరికే అడవి కౌజును పట్టి పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఆడపిట్టల తల వెనక, వీపు మీద మాత్రమే బోసి

మగవాటి ఈకలు శుభ్రంగా ఉండి, ఆడవాటికి మాత్రమే ఇలా ఉంటే ఇది దాణా లోపం కాదు. జత కట్టేటప్పుడు మగపిట్ట ముక్కుతో తల వెనక ఈకలు పట్టుకుని వీపు మీదికి ఎక్కుతుంది. మగవి ఎక్కువైతే అదే చోట పదేపదే పీకుడు. ఒక మగపిట్టకు 3 నుంచి 4 ఆడపిట్టలు ఉండాలి. గుడ్లు పొదిగించే ఆలోచన లేకపోతే మగది అక్కర్లేదు, అది లేకపోయినా ఆడవి గుడ్లు పెడతాయి. మగదాన్ని గుర్తుపట్టడం తేలికే: రొమ్ము ఇటుక రంగులో, చుక్కలు లేకుండా ఉంటుంది. ఆడదానికి నల్లటి చుక్కలుంటాయి. తెల్ల రకాల్లో ఇది కుదరదు. మలద్వారం పైనున్న ఉబ్బును మెల్లగా నొక్కితే తెల్లటి నురగ వచ్చేది మగది. బోసిపోయిన ఆడవాటిని నెల రోజులు వేరే ఉంచండి.

నడినెత్తిన ఈకలు పోయి, గాయం

కౌజు బెదిరితే నిట్టనిలువుగా ఎగురుతుంది. 2 అడుగుల ఎత్తున్న పంజరంలో తల సరిగ్గా కప్పుకు తగిలేంత వేగం అందుకుంటుంది. అందుకే కప్పు 25–30 సెం.మీ. ఎత్తులోనైనా ఉండాలి, లేదంటే మనిషి నిలబడేంత ఎత్తులో ఉండాలి. మధ్యస్థంగా ఉన్న పంజరమే తలలు పగలగొట్టేది. మార్చే వీలు లేకపోతే కప్పుకు కొన్ని అంగుళాల కింద దోమతెరను వదులుగా కట్టండి. గాయాన్ని ఉప్పునీళ్లతో (లీటరుకు 9 గ్రాములు) కడిగి, పల్చగా చేసిన పొవిడోన్ అయోడిన్ (గాయాలకు వాడే మందు) అద్ది, ఆ పిట్టను విడిగా పెట్టండి. రక్తం కనిపిస్తే మిగతావి వదలవు.

అన్ని పిట్టలూ మసకబారి, ఈక అంచులు పీచులా చిరిగి

ఇదే అసలైన దాణా సమస్య. ఈకలో దాదాపు 90 శాతం మాంసకృత్తే, అదీ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు తయారయ్యే ముక్కలు) ఎక్కువగా కావలసిన రకం. ఒక రెక్క ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అడ్డంగా సన్నని పారదర్శకమైన గీత కనిపిస్తే, ఆ భాగం పెరుగుతున్న రోజుల్లో పిట్టకు తిండి చాలలేదు, లేదా గట్టి బెదురో జబ్బో తగిలింది. ఒకే గీత ఉంటే ఒకసారి జరిగిన సంగతి. ప్రతి ఈకలోనూ వరసగా గీతలుంటే లోటు ఇంకా నడుస్తోంది.

మనవైపు తరచూ కనిపించే కారణం ఒకటుంది: లవ్ బర్డ్స్ పంజరం అడుగున కౌజులను వదిలి, పైనుంచి రాలిన కొర్రలు, సజ్జలతో సరిపెట్టడం. లెక్క చూడండి. పెద్ద పిట్ట రోజుకు సుమారు 25 గ్రాములు తింటుంది. చిరుధాన్యాల్లో మాంసకృత్తులు 11–12 శాతమే, అంటే అందేది 3 గ్రాములు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994 పట్టికల ప్రకారం పెద్ద కౌజుకు 20 శాతం, అంటే 5 గ్రాములు కావాలి. ఎదిగే పిల్లలకు 24 శాతం. పైగా ఆడపిట్ట రోజూ 10 గ్రాముల పైచిలుకు గుడ్డు పెడుతుంది. చాలని తిండిలో ముందు గుడ్డుకు పోగా మిగిలిందే ఈకకు.

సులువైన దారి బ్రాయిలర్ స్టార్టర్ దాణా, అంటే మాంసం కోళ్ల పిల్లలకు పెట్టేది. సంచి మీద మాంసకృత్తులు 22 శాతం దగ్గర ఉన్నాయో లేదో చదవండి. అందులో సున్నం (కాల్షియం) 1 శాతం ప్రాంతంలోనే ఉంటుంది, గుడ్లు పెట్టే పిట్టకు 2.5 శాతం కావాలి. కాబట్టి గుల్ల పొడిని వేరే గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే ఏరుకుంటుంది. లేయర్ దాణా (గుడ్ల కోళ్లకు పెట్టేది) తప్ప మరేదీ దొరకని చోట 900 గ్రాముల లేయర్ దాణాకు 100 గ్రాముల ఎండు నెత్తళ్ల పొడి కలిపితే 21 శాతం దాకా వస్తుంది. నెత్తళ్లు ఉప్పు వేయకుండా ఎండబెట్టినవే కావాలి. ఉప్పు చేప పిట్ట ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలకు లేయర్ దాణా వద్దు, అందులోని సున్నం వాటి మూత్రపిండాలను చెడగొడుతుంది. ఏ దాణా అయినా వారం రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి.

సరైన దాణానే వేస్తున్నాం, అయినా ఇలాగే ఉంది అంటారా? తొట్టి అడుగున చూడండి. మొక్కజొన్న నూకలు మాయమై మెత్తటి పొడి మిగిలిందా? మిథియోనిన్ (ఈకకు కావలసిన గంధకం ఉన్న అమైనో ఆమ్లం), విటమిన్లు, జింకు ఉండేది ఆ పొడిలోనే. పిట్ట పెద్ద పలుకులు ఏరుకుని తిని, అసలు పోషకాలను వదిలేస్తోందన్నమాట. అది అయ్యేదాకా కొత్త దాణా వేయకండి, లేదా ఆ పొడిని కాస్త తడిపి పెట్టండి. తడిపింది రెండు గంటల్లో తీసేయాలి. వానాకాలంలో ముక్కిన వాసన వచ్చే దాణాను నిర్మొహమాటంగా పారేయండి. వేరుశనగ చెక్క, మొక్కజొన్నల్లో పెరిగే బూజు విషం ఎండబెట్టినా పోదు.

పాత ఈకలు బాగుపడవు. మొదలు దగ్గర కొత్తగా వచ్చే భాగం గీతలు లేకుండా నిగనిగలాడితే మార్పు పనిచేస్తున్నట్టే.

తోకలు కొరుక్కుపోయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం

కారణం ఇరుకు, కళ్లు చెదిరే లైటు, తిండి లోటు. చాలాసార్లు మూడూ కలిసే ఉంటాయి. పిట్టకు చదరపు అడుగు చోటు ఇవ్వండి, లైటు తగ్గించండి. పొడిచే పిట్ట ఒకటో రెండో ఉంటాయి, వాటిని విడదీయండి. 5 సెం.మీ. లోతున పొడి ఇసుక పోసిన బేసిన్‌ను రోజూ అరగంట పెట్టండి. రోజంతా ఉంచితే గుడ్లు అందులోనే పెడతాయి.

మలద్వారం చుట్టూ ఈకలు నల్లబడి, పొక్కులు

మైట్లు (రక్తం తాగే సన్నటి పురుగులు), లేదా పేలు. ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటే పేలు. ఎర్ర మైట్లు పగలు పంజరం సందుల్లో దాక్కుని రాత్రే రక్తం తాగుతాయి, పగటిపూట ఎంత వెతికినా పిట్ట మీద దొరక్కపోవచ్చు. రాత్రి టార్చితో చూడండి, లేదా తెల్ల గుడ్డతో సందులు తుడిచి ఎర్రటి మరక పడుతుందేమో చూడండి. పిట్టలను బయటికి తీసి, పంజరం సందుల్లో సలసల మరిగే నీళ్లు పోసి ఎండబెట్టాలి. వారం పది రోజులకు మళ్లీ చేయాలి, మొదటిసారి మిగిలిన గుడ్ల నుంచి అప్పటికి పిల్లలు వచ్చి ఉంటాయి. కోళ్ల మందును అంచనాగా వాడొద్దు. 2 కిలోల కోడికి, 200 గ్రాముల కౌజుకు మోతాదు ఒకటి కాదు, పశువైద్యుణ్ణి అడగాలి. ఈకలకు వేపనూనె పూయడమూ వద్దు, అవి అంటుకుపోయి పిట్ట చలికి వణుకుతుంది.

చలికాలంలో గుడ్లు ఆగి, ఒళ్లంతా ఈకలు రాలడం

కింద నుంచి కొత్తవి పొడుచుకొస్తుంటే జబ్బు కాదు, ఈకల మార్పిడి. డిసెంబరులో హైదరాబాద్‌లో పగలు 11 గంటలే. గుడ్లు కావాలంటే 14 గంటల వెలుతురు ఇవ్వాలి. కానీ మార్పిడి మధ్యలో లైటు వేయకుండా పూర్తవనివ్వడమే పిట్టకు మేలు. ఆ రోజుల్లో పది పిట్టలకు ఒక ఉడికించిన కోడిగుడ్డు, రోజు విడిచి రోజు చిదిపి పెట్టండి. 3–4 వారాల పిల్లలు నూగు వదిలి ఈకలు తొడుక్కోవడమూ ఇలాంటిదే.

ఈకలు ఉబ్బించి, కళ్లు మూసి మూల కూర్చోవడం

దీన్ని ఈకల జబ్బుల్లో కలపకండి. వెనక ఈకలు రెట్టతో తడిసి ఉంటే పేగుల జబ్బు. కౌజులో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. పిట్టను వేరుచేసి వెచ్చగా ఉంచి, తాజా రెట్టను ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని అదే రోజు పశువుల ఆసుపత్రికి వెళ్లండి.